కార్నియా మార్పిడి చేయిస్తే ఎన్నేళ్లు నిలుస్తుంది?

ప్రశ్న: మా నాయనకు 56 ఏళ్లు. నెల్లూరు జిల్లా బుచ్చిరెడ్డిపాళెం దగ్గర వరి వ్యవసాయం. రెండేళ్ల కిందట కోతలప్పుడు ఎడమ కంట్లో వరి వెన్ను గుచ్చుకుని ఫంగస్ పట్టింది. నెలల తరబడి చుక్కలు వేస్తే పుండు మానింది గానీ నల్లగుడ్డు మీద తెల్లగా పువ్వు వేసింది. ఇప్పుడా కంటితో చెయ్యి ఆడిస్తే తెలుస్తుంది, అంతే. కుడికంట్లో శుక్లం మొదలైందన్నారు. చెన్నైలో చూపిస్తే ఎడమకంటికి కార్నియా మార్పిడి చేయొచ్చన్నారు. చేయిస్తే ఎన్నేళ్లు నిలుస్తుంది? ముసలివాళ్ల కన్ను పెడితే తొందరగా పాడవుతుందా? చుక్కలు జీవితాంతం వేయాలా? నాయన మళ్లీ పొలం పోవచ్చా? పాడైతే ఇంకోసారి చేస్తారా?

సమాధానం:

నేను సర్జన్‌ని కాను, ఆప్టోమెట్రిస్టుని, అంటే కంటిచూపు పరీక్షించి అద్దాలు, లెన్సులు చూసే పని నాది. కార్నియా విభాగంలో చాలా కాలం పనిచేసి ఇప్పుడు ఒంగోలులో ఉంటున్నాను. హైదరాబాదులోనో చెన్నైలోనో ఆపరేషన్ చేయించుకుని ఊరికి తిరిగొచ్చినవాళ్లు పరీక్షకు నా దగ్గరికి వస్తుంటారు. అందువల్ల ఆపరేషన్ ఎలా చేస్తారన్నదాని కన్నా, అయిదేళ్లకు, పదేళ్లకు, పదిహేనేళ్లకు ఆ కన్ను ఏమవుతుందన్నదే నేను ఎక్కువగా చూశాను. మీరడిగిందీ అదే కాబట్టి కొంచెం వివరంగా రాస్తాను.

మార్చిన కార్నియాకు ఇన్నేళ్లని గ్యారంటీ లేదు. రెండేళ్లలో తెల్లబడినవీ ఉన్నాయి, పాతికేళ్లయినా అద్దంలా ఉన్నవీ ఉన్నాయి. తేడా ఎక్కువగా రెండు చోట్ల వస్తుంది. అసలు కార్నియా ఎందుకు పాడైందనేది ఒకటి. ఆపరేషన్ తర్వాత ఆ కన్నును ఇంట్లోవాళ్లు ఎంత శ్రద్ధగా కనిపెట్టుకుని ఉన్నారనేది రెండోది. సర్జన్ చెయ్యి, ఆసుపత్రి పేరు వీటి తర్వాతే అని నా అభిప్రాయం.

ఊళ్లలో 'కన్ను మార్చారు' అంటారు గానీ మార్చేది కన్ను కాదు. మార్చేది కార్నియాను, అంటే నల్లగుడ్డు ముందు ఉండే పారదర్శకమైన పొరను, సుమారు అర మిల్లీమీటరు మందం. మచ్చ పడిన నడిమి భాగాన్ని ఏడున్నర, ఎనిమిది మిల్లీమీటర్ల వెడల్పున గుండ్రంగా కోసి తీసి, దాత కార్నియా నుంచి అంతే ముక్క తీసుకుని, వెంట్రుక కన్నా సన్నని నైలాన్ దారంతో కుట్టేస్తారు. సాధారణంగా పదహారు కుట్లు పడతాయి. మనిషిలో ఇది మొదటిసారి విజయవంతంగా చేసింది ఎడ్వర్డ్ జిర్మ్ అనే డాక్టరు, 1905 డిసెంబరులో, ఇప్పుడు చెక్ దేశంలో ఉన్న ఓలోమౌట్స్ ఊళ్లో. రోగి రెండు కళ్లలోనూ సున్నం పడి చూపు పోయిన కూలిమనిషి. రెండు కళ్లకూ చేస్తే ఒకటి నిలబడింది. ఆ ఒక్కటీ నిలబడటం ఎంత అదృష్టమో ఇప్పుడు మనకు తెలుసు, ఎందుకంటే సున్నం పడిన కళ్లలో మార్పిడి నిలవడం చాలా కష్టం. రొయ్యల చెరువుల్లో సున్నం చల్లే ఇందుకూరుపేట, విడవలూరు వైపు వాళ్లు కళ్లద్దాలు లేకుండా ఆ పని చేస్తుంటే నాకు గుండె ఆగినంత పనవుతుంది.

ఇక లెక్కలు. ఆస్ట్రేలియాలో 1985 నుంచి కార్నియా మార్పిళ్లను దేశవ్యాప్తంగా ఒక రిజిస్టరులో నమోదు చేస్తున్నారు. అక్కడ పూర్తి మందం కార్నియా మార్చినవాళ్లలో అయిదేళ్లకు నూటికి డెబ్బై పైన, పదేళ్లకు అరవై దాకా నిలబడ్డాయి. మన దగ్గరి లెక్క ఇంత బాగా లేదు. హైదరాబాద్ ఎల్.వి.ప్రసాద్ కంటి ఆసుపత్రి వాళ్లు 1997లో ప్రచురించిన లెక్కలో ఏడాదికి నూటికి 80 కార్నియాలు స్పష్టంగా ఉంటే, అయిదేళ్లకు 46 మాత్రమే మిగిలాయి. ఇది చదివి భయపడొద్దు, దాని లోపలికి వెళ్లి చూడాలి. అదే ఆసుపత్రిలో, అదే సర్జన్ల చేతుల్లో, కెరటోకోనస్ (కార్నియా పలచబడి కోనులా ముందుకు పొడుచుకొచ్చే జబ్బు) ఉన్నవాళ్లలో అయిదేళ్లకు 95 నిలిచాయి. అంతకు ముందే ఒకసారి మార్చి పాడైనవాళ్లకు మళ్లీ చేస్తే నిలిచినవి 21. మొదటి కారణం ఎంత తేడా తెస్తుందో ఈ రెండు అంకెలే చెబుతాయి. పైగా ఆ ఆపరేషన్లు ముప్ఫై ఏళ్ల కిందటివి. చుక్కల మందులు, కార్నియా నిల్వచేసే పద్ధతులు అప్పటి కన్నా మెరుగయ్యాయి.

మీ నాయన ఈ రెండు కొసల మధ్య ఎక్కడుంటారు? పుండు పూర్తిగా మాని, రెండేళ్లుగా కన్ను ఎర్రబడకుండా ఉంటే అది మంచి గుర్తు. పుండు చురుగ్గా ఉన్నప్పుడు ప్రాణం మీదికొచ్చి చేసే మార్పిడి కన్నా, మానిన మచ్చకు నిదానంగా చేసేది బాగా నిలుస్తుంది. అయితే ఆ పువ్వులోకి రక్తనాళాలు పాకాయా లేదా అన్నది తప్పకుండా అడగండి. ఆరోగ్యంగా ఉన్న కార్నియాలో రక్తనాళాలు ఉండవు. పరాయి కణజాలం వచ్చిందని ఒంట్లోని రోగనిరోధక శక్తికి తొందరగా తెలియకపోవడానికి అదొక పెద్ద కారణం. కార్నియా మార్పిడిలో చాలామందికి మాత్రలు లేకుండా చుక్కలతోనే సరిపోయేది అందుకే. నాళాలు నాలుగు వైపుల నుంచీ లోతుగా పాకి ఉంటే ఆ వెసులుబాటు పోతుంది, తిరస్కరణ, అంటే కొత్త కార్నియాను ఒళ్లు పరాయిదని ఎదిరించే ప్రమాదం పెరుగుతుంది. ఒకటో రెండో సన్నని నాళాలు ఒక పక్కన మాత్రమే ఉంటే అంత దిగులు అక్కర్లేదు.

ఇంకో ప్రశ్న కూడా అడగాలి: మచ్చ ఎంత లోతు? కార్నియా లోపలి వైపు ఎండోథీలియం అనే ఒకే ఒక్క వరస కణాలుంటాయి. పడవలోకి ఊరే నీళ్లను తోడిపోసే మనుషుల్లాగా, కార్నియాలోకి దిగే నీటిని అవి ఎప్పటికప్పుడు బయటికి పంపుతుంటాయి. అవి తగ్గితే కార్నియా నీరు పట్టి ఉబ్బి తెల్లబడుతుంది. ఒకసారి పోయిన కణం మళ్లీ పుట్టదు. మచ్చ అంత లోతుకు పోకపోతే నాయన సొంత లోపలి పొరను అలాగే ఉంచి పైపొరలు మాత్రమే మార్చే పద్ధతి ఉంది, డాల్క్ అంటారు. లోపలి పొర సొంతదే కాబట్టి తిరస్కరణలో అన్నిటి కన్నా ప్రమాదకరమైన రకం దాన్లో రాదు. చేయడం కష్టం, సమయం పడుతుంది, కానీ వీలున్న చోట ఏళ్ల తరబడి నిలవడానికి నా ఓటు దానికే. వీలుకాకపోతే పూర్తి మందం మార్చడమే. డీసెక్, డీమెక్ అని వినుంటారు, అవి లోపలి పొర ఒక్కటే పాడైనవాళ్లకు. పైన పువ్వు ఉన్న కంటికి పనికిరావు.

దాత వయసు గురించి మీరడిగింది చాలామంది మనసులో ఉండి అడగలేని ప్రశ్న. అమెరికాలో కార్నియా డోనర్ స్టడీ అని ఒక పెద్ద అధ్యయనం జరిగింది. 12 నుంచి 65 ఏళ్ల దాతల కార్నియాలు పదేళ్లకు నూటికి 77 నిలిస్తే, 66 నుంచి 75 ఏళ్ల దాతలవి 71 నిలిచాయి. గణాంకాల ప్రకారం దాన్ని పెద్ద తేడాగా లెక్కపెట్టరు. నేత్రనిధిలో కార్నియాను మైక్రోస్కోపు కింద పెట్టి చదరపు మిల్లీమీటరుకు ఎన్ని ఎండోథీలియం కణాలున్నాయో లెక్కిస్తారు. చూపు కోసం చేసే మార్పిడికి సాధారణంగా 2000 పైన ఉండాలని చూస్తారు. దాత రక్తానికి హెచ్ఐవీ, హెపటైటిస్ బి, సి, సిఫిలిస్ పరీక్షలు చేస్తారు. కాబట్టి దాత ముసలాయనా పడుచువాడా అని అడగొద్దు, కణాల లెక్క ఎంత ఉందో అడగండి. ఇంకో సంగతి: కార్నియాను అమ్మడం, కొనడం 1994 నాటి అవయవ మార్పిడి చట్టం కింద నేరం. కార్నియా కోసమే అంటూ ఎవరైనా మధ్యవర్తి డబ్బులడిగితే ఆ మనిషిని దగ్గరికి రానీయొద్దు.

అదే అధ్యయనంలో ఇంకో నిజం బయటపడింది. పదేళ్లు నిలిచిన కార్నియాల్లో కూడా ఎండోథీలియం కణాల్లో నాలుగింట మూడొంతులకు పైగా పోయాయి. అంటే కంటికి ఏ ఇబ్బందీ లేకపోయినా లోపల కణాలు తగ్గుతూనే ఉంటాయి. చదరపు మిల్లీమీటరుకు కణాల లెక్క 500 కన్నా కిందికి దిగితే నీరు పట్టే ప్రమాదం దగ్గరపడుతుంది. 'అంతా బాగానే ఉంది, ఇంక ఆసుపత్రికి ఎందుకు' అని నాలుగో ఏడో అయిదో ఏడో మానేసినవాళ్లను చూసినప్పుడు నాకు బాధ కలిగేది ఇందుకే. ఏడాదికోసారయినా కణాల లెక్క తీయిస్తే కన్ను ఎటు పోతుందో ముందే తెలుస్తుంది.

తిరస్కరణ గురించి నేను చెప్పేది ఇంట్లో అందరికీ చదివి వినిపించండి. ఎక్కువ భాగం మొదటి రెండేళ్లలో వస్తుంది, కానీ ఇరవై ఏళ్ల తర్వాత వచ్చిన సందర్భాలు కూడా ఉన్నాయి. దాని గుర్తులు నాలుగు: కన్ను ఎర్రబడటం, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం, నొప్పి. నాలుగూ కలిసి రానక్కర్లేదు. నొప్పి అసలు లేకుండా చూపు మాత్రమే కొంచెం పొగమంచు కమ్మినట్టు ఉండొచ్చు. రోజూ పొద్దున లేవగానే కుడికన్ను మూసి ఎడమకంటితో గోడ మీది క్యాలెండరు చూడమనండి. నిన్న కనిపించిన అంకె ఇవాళ కనిపించకపోతే అదే రోజు బయల్దేరాలి.

ఎక్కడికి? ఇక్కడే మనవాళ్ల దగ్గర అసలు చిక్కు. వచ్చే నెల చెన్నైలో అపాయింట్‌మెంట్ ఉంది కదా, అప్పుడు పినాకిని రైల్లో వెళ్లి చూపించుకుందాంలే అనుకుంటారు. ఈలోగా మెడికల్ షాపులో కండ్లకలక చుక్కలు తెచ్చి వేస్తారు. పది రోజులు గడిచేసరికి ఎండోథీలియం కణాలు కోలుకోలేనంతగా పోతాయి. తిరస్కరణను మొదటి ఒకటి రెండు రోజుల్లో పట్టుకుంటే గంటకోసారి స్టెరాయిడ్ చుక్కలు వేసి చాలావరకు వెనక్కి తిప్పొచ్చు. నెల్లూరులో కంటి డాక్టర్లకు కొదవ లేదు. స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దదిగా చూపే మైక్రోస్కోపు) ఉన్న ఏ డాక్టరు దగ్గరికైనా అదే రోజు వెళ్లి, ఆపరేషన్ చేసిన సర్జన్‌తో ఫోన్‌లో మాట్లాడించండి. మీరే సొంతంగా స్టెరాయిడ్ చుక్కలు పెంచొద్దు. అది తిరస్కరణ కాకుండా ఇన్‌ఫెక్షన్ అయితే, అందునా ఒకసారి ఫంగస్ వచ్చిన కంట్లో, స్టెరాయిడ్ దాన్ని ఎగదోస్తుంది. ఈ రెండిటి తేడా స్లిట్ ల్యాంప్ కింద చూస్తేనే తెలిసేది. చెట్ల పసరు, తేనె, పాలు లాంటివి ఆ కంటి దరిదాపుల్లోకి రాకూడదని పెద్దవాళ్లకు ముందే చెప్పి పెట్టండి.

చుక్కలు జీవితాంతమా అంటే, చాలామందికి దాదాపు అంతే. మొదట్లో రోజుకు చాలాసార్లు, తర్వాత నెలల మీద తగ్గిస్తూ వస్తారు. ఆ తర్వాత రోజుకొక చుక్కను ఏళ్ల తరబడి ఉంచే సర్జన్లు ఎక్కువమంది. ఆ చుక్క ఆపాలా వద్దా అన్నది సర్జన్ మాటే. సీసా అయిపోయిందని, ఊరికి వెళ్లామని, కోతల హడావుడిలో మర్చిపోయామని ఆగకూడదు. ఇంట్లో ఎప్పుడూ ఇంకో సీసా ఉండాలి.

ఆ చుక్కలకు ఇంకో పక్క కూడా ఉంది. స్టెరాయిడ్ వల్ల కొందరికి కంటిలోపలి ఒత్తిడి పెరిగి గ్లకోమా, అంటే నీటికాసులు వస్తుంది. మార్పిడి చేసిన కంటికి స్టెరాయిడ్ లేకపోయినా ఆ ప్రమాదం ఉంది. నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, కార్నియా తళతళలాడుతూ ఉంటుంది, వెనక నరం మాత్రం ఎండిపోతుంది. అలా పోయిన చూపును మళ్లీ కార్నియా మార్చినా తేలేరు. అందుకే ప్రతి పరీక్షలో కంటి ఒత్తిడి కొలిచారా అని అడిగి, ఆ అంకెను ఒక నోటు పుస్తకంలో రాసుకోండి. కార్నియా బాగుండి చూపు పోయినవాళ్లలో నేను ఎక్కువగా చూసిన కారణం ఇదే.

చూపు ఎలా ఉంటుందనేది మీరు అడగలేదు గానీ అడగాల్సింది. శుక్లం ఆపరేషన్ అయిన మర్నాడే లోకం మెరిసిపోతుందని అందరికీ తెలుసు. కార్నియా మార్పిడి అలా కాదు. చూపు కుదురుకోవడానికి ఏడాది, ఏడాదిన్నర పడుతుంది. కుట్లు లాగడం వల్ల కార్నియా వంపు సమంగా ఉండదు, ఆ వంకర వల్ల వచ్చే సిలిండర్ పవర్ నాలుగైదు దాకా రావడం మామూలే. కుట్లను ఒక్కొక్కటిగా చూసుకుని తీస్తారు. అప్పుడు కూడా అద్దాలు సరిపోకపోతే గట్టిరకం కాంటాక్ట్ లెన్సు, లేదా తెల్లగుడ్డు మీద ఆనుకునే స్క్లీరల్ లెన్సు పెట్టాల్సి రావచ్చు. లెన్సు అంటే రోజూ చేతులు సబ్బుతో కడుక్కుని పెట్టి తీయాలి. బురదలో పనిచేసే మనిషికి అది ఎంతవరకు సాగుతుందో ఇప్పుడే ఆలోచించుకోండి.

ఒక్కో కుట్టు ఏళ్ల తర్వాత కూడా వదులై పైకి పొడుచుకు రావచ్చు. కంట్లో నలుసు పడినట్టు గరగరలాడుతుంది. నలుపుకోవద్దు, నీళ్లు కొట్టొద్దు. ఆ రోజే తీయించాలి. వదులైన కుట్టు చుట్టూ చీము పట్టి మార్చిన కార్నియా మొత్తం పోయినవాళ్లు ఉన్నారు.

పొలం గురించి. మొదటి మూడు నాలుగు నెలలు పొలం వైపు వెళ్లకపోవడం మంచిది. ఆ తర్వాత సర్జన్ సరేనంటే వెళ్లొచ్చు, కానీ కుట్టిన గాయం ఎన్నేళ్లయినా పుట్టుకతో ఉన్న కార్నియా అంత గట్టిగా అతకదు. పూర్తి మందం మార్చినవాళ్లకు పదిహేను, ఇరవై ఏళ్ల తర్వాత ఎద్దు కొమ్ము తగిలో, మోచెయ్యి తగిలో అదే గీత వెంబడి కన్ను చీలిపోయిన సందర్భాలున్నాయి. డాల్క్ చేసినవాళ్లకు లోపలి పొర సొంతది కాబట్టి ఈ భయం కొంత తక్కువ. ఏదైనా సరే, నాయన ఇంటి గడప దాటితే పాలికార్బొనేట్ (సులభంగా పగలని ప్లాస్టిక్) అద్దాలు పెట్టుకోవాలి. పవర్ లేకపోయినా పెట్టుకోవాలి. నూర్పిడి, కోత మిషన్ దగ్గర నిలబడటం, కట్టెలు కొట్టడం, మందు పిచికారీ ఇంకొకళ్లకు అప్పగించండి. కాలవ నీళ్లతో మొహం కడుక్కునే అలవాటు మాన్పించాలి. ఆ నీళ్లలో ఉండే సూక్ష్మజీవుల్లో కొన్ని కార్నియాకు చాలా చెడ్డవి.

ఇప్పుడు నా అభిప్రాయం అడిగితే చెప్తాను. తొందరపడి ఎడమకంటితో మొదలుపెట్టొద్దు. కుడికన్ను సంగతి ముందు చూడండి. అక్కడ శుక్లం తప్ప ఇంకేమీ లేదని డాక్టరు చెబితే, అది తీయాల్సినంత ముదిరాక తీయించండి. ఆ ఆపరేషన్ తర్వాత మంచి చూపు వచ్చే అవకాశం చాలా ఎక్కువ, జీవితాంతం చుక్కలు అక్కర్లేదు, వారం పదిరోజుల్లో పనులు చేసుకుంటారు. కుడికన్ను బాగా కనిపిస్తే నాయన బతుకు చాలావరకు సాఫీగా సాగుతుంది. ఒక కన్ను బాగున్నవాళ్లకు రెండో కంట్లో కార్నియా మారిస్తే, అది నిలిచినా, రెండు కళ్ల పవర్లో తేడా వల్ల అద్దాలతో రెండూ కలిసి పనిచేయక ఇబ్బంది పడటం నేను తరచుగా చూస్తుంటాను. మానిన మచ్చ ఎక్కడికీ పోదు. ఏడాది తర్వాత చేసినా, మూడేళ్ల తర్వాత చేసినా సాధారణంగా ఫలితం మారదు.

కుడికన్ను కూడా సరిగా లేకపోతే, లేదా పొలం పనికి రెండు కళ్లూ కావాలని నాయన గట్టిగా అనుకుంటే, అప్పుడు చేయించండి. కానీ చేయించే ముందు ఇంట్లో ఒక్క విషయం తేల్చుకోవాలి. మొదటి ఏడాది నెలకోసారో రెండు నెలలకోసారో చెన్నై ఎవరు తీసుకెళ్తారు? మీరు ఉద్యోగం మీద బయట ఉంటే, చుక్కలు వేయడం అమ్మకు వచ్చా? నెల్లూరులో ఏ డాక్టరు మధ్యలో చూస్తారు? ఈ మూడింటికీ జవాబు దొరికితే ఆపరేషన్ తేదీ తీసుకోండి. దొరక్కపోతే దొరికేదాకా ఆగండి.

పాడైతే మళ్లీ చేయొచ్చు. కానీ రెండోసారికి అవకాశాలు తగ్గుతాయి, మూడోసారికి ఇంకా తగ్గుతాయి. పైన చెప్పిన 21 అంకె గుర్తుపెట్టుకోండి. తిరస్కరణ లేకుండా, వయసుతో కణాలు తగ్గి పదిహేనేళ్లకు నీరు పట్టిన కార్నియా అయితే కథ వేరు. అలాంటి కంట్లో చాలాసార్లు పాత కార్నియాను తీయకుండానే లోపలి పొర ఒక్కటి మారిస్తే సరిపోతుంది, అది బాగా నిలుస్తుంది కూడా. రక్తనాళాలు నిండిపోయి, రెండు మూడుసార్లు పాడైన కంటికి చివరి దారిగా కృత్రిమ కార్నియాలు ఉన్నాయి, వాటి సంరక్షణ ఇంకా కష్టం.

ఈసారి చెన్నై వెళ్లేటప్పుడు నాయన పాత కాగితాలన్నీ, ముఖ్యంగా ఫంగస్ అని తేల్చిన ల్యాబ్ రిపోర్టు తీసుకెళ్లండి. ఆ పుండు నిజంగా ఫంగసేనా, దాన్లో హెర్పిస్ వైరస్ కూడా ఉందేమోనన్న అనుమానం ఎవరైనా రాశారా అని చూడమనండి. హెర్పిస్ అయితే కొత్త కార్నియాలో కూడా తిరగబెట్టొచ్చు, దానికి ఎసైక్లోవిర్ మాత్రలు చాలా కాలం వాడాల్సి ఉంటుంది. ఎడమకంట్లో వెనక నరం, రెటీనా ఎలా ఉన్నాయో తెలుసుకోవడానికి బి-స్కాన్ (కంటి అల్ట్రాసౌండ్) చేశారా, కంటి ఒత్తిడి ఎంత ఉంది, వెలుతురు నాలుగు వైపుల నుంచీ గుర్తుపడుతున్నారా అన్నవి కూడా అడగండి. ఆ జవాబులు, మచ్చ లోతు, రక్తనాళాల సంగతి రాస్తే, డాల్క్‌కు వీలుంటుందో లేదో నాకు తోచింది చెప్తాను.